ఆరు పళ్లని నేను చెప్పిన ఎద్దు

మా ఇంట్లో ఏనాడూ ఎద్దులు లేవు. ఆలూరు బజారులో మాది బట్టల కొట్టు. మా నాన్నకు గానీ, ఆయన నాన్నకు గానీ కాడి కట్టడం తెలియదు. పొలం గట్టున నాలుగడుగులు నడిస్తే రేగడి చెప్పులకు అంటుకుంటుందని విసుక్కునే రకం. అయినా ఉగాది తిరునాళ్లలో జరిగే బండలాగే పందేలకు తీర్పరిగా నిలబడే మర్యాద మా ఇంటిదే. ఎద్దులు లేవు గనుకనే ఆ మర్యాద. ఎద్దులున్నవాడు తీర్పు చెబితే వాడి ఊరి మీద పక్క ఊరికి అనుమానం, వాడి జత మీద అందరికీ అనుమానం. అనుమానం ముదిరితే మా వైపు అది మాటలతో ఆగదు. అందుకని ఎద్దు లేని ఇంటివాడే తీర్పరిగా ఉండాలని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎప్పుడో కూర్చుని కట్టుబాటు చేసుకున్నారు. ఎద్దు లేనివాడికి ఎద్దు గురించి ఏం తెలుసునని అప్పుడు ఎవరూ అడిగినట్టు లేదు.

పందెం తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. పెద్ద బండకు మోకు తగిలించి ఎద్దుల జతకు కడతారు. గడువు లోపల ఏ జత ఎక్కువ దూరం లాగితే వాళ్లది గెలుపు. దూరం కొలవడం, తగాదా వస్తే తీర్చడం తీర్పరి పని. వాటన్నిటికన్నా ముందు పళ్లు చూడటం. ఎద్దు వయసు దాని కింది దవడ చెబుతుంది. పాలపళ్లు ఊడుతూ వాటి చోట జతజతగా పెద్దపళ్లు వస్తాయి. రెండు పళ్ల ఎద్దులకు ఒక బండ, నాలుగు పళ్లవాటికి అంతకన్నా బరువైనది, ఆరు పళ్లవాటికి ఇంకా బరువైనది. మూడో జత పన్ను చిగురు చీల్చుకుని కొస కనిపించినా సరే, ఆ ఎద్దు ఆరు పళ్ల కిందికే వస్తుంది.

పందెం రోజు పొద్దున్నే తలస్నానం చేసి ఆంజనేయస్వామి గుడికి పోతే పూజారి తీర్పరి కుడిచేతికి పసుపు కంకణం కట్టేవాడు. అది విప్పేదాకా మంచినీళ్లు తప్ప ఇంకేమీ ముట్టకూడదు. ఏ ఊరివాళ్ల పక్కనా కూర్చోకూడదు. కంకణం ఉన్నంతసేపు ఆ మనిషి మాట మీద మరో మాట లేదు. స్వామే వచ్చి ఆ చేతి మీద కూర్చుంటాడని మా అమ్మ నమ్మకం. నేనూ నమ్మాను.

నాన్న పోయాక మొదటి ఉగాదికి ఆ కంకణం నా చేతికి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన రోజులవి. నేను ఎస్సెల్సీ దాకా చదివినవాణ్ణి. కర్నూలుకు పోయి డేరాల్లో నడుస్తున్న సర్కారు ఆఫీసులు కూడా చూసి వచ్చాను. అంతమాత్రానికే ప్రపంచంలో నాకు తెలియనిది పెద్దగా మిగల్లేదని అనుకునేవాణ్ణి. ఎవరైనా ఎదురు చెబితే చాలు, చిర్రెత్తుకొచ్చేది.

ఆ ఏడు నాలుగు పళ్ల పందేనికి చాలా జతలు వచ్చాయి. అందులో ఒకటి పడమటి పల్లె రైతుది. మనిషి బక్కపలచన, మాటలు తక్కువ. ఏడాదికోసారి పంచెకో చీరకో మా కొట్టుకు వచ్చేవాడు గనుక నాకు ముఖపరిచయం. జతలో ఒక ఎద్దు వాళ్లింటి ఆవుకు పుట్టిందే. రెండోదాన్ని సంతలో కొని దానికి జోడు కుదిర్చాడు. పల్లెకు పల్లే పలకలు కొట్టుకుంటూ ఆ ఎద్దుల వెంట వచ్చింది.

ఒక్కో ఎద్దు పెదవి లాగి చూస్తూ వస్తున్నాను. ఎండ నడినెత్తికి వచ్చింది, కడుపులో ఏమీ లేదు. ఆ రైతు ఇంట పుట్టిన ఎద్దు పెదవి లాగితే నాలుగు పెద్దపళ్లు వెడల్పుగా కనిపించాయి. వాటి పక్కన చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది. ఆ ఉబ్బులో చిన్న తెల్లటి కొస. కొత్త పన్ను వస్తోందని నాకు తేలిపోయింది. వేలు పెట్టి కదిపి చూడాలని కూడా తోచలేదు.

"ఇది ఆరు పండ్లు," అన్నాను, మైదానం ఆ చివరకు వినపడేలా. "ఆరు పండ్ల బండకు కట్టుకోవల్ల."

రైతు నావైపు చూశాడు. తర్వాత ఎద్దు వైపు తిరిగి దాని పెదవి మీద బొటనవేలు ఆనించాడు. ఏమనుకున్నాడో ఏమో, మళ్లీ చెయ్యి తీసేశాడు. చుట్టూ నిలబడ్డవాళ్లలో ఒకరిద్దరు ముఖాలు చూసుకున్నారట. నేను చూడలేదు. అప్పటికే పక్క జత దగ్గరికి నడుస్తున్నాను.

"సరే సామీ," అన్నాడు రైతు నా వెనక నుంచి.

అప్పుడే ఎద్దుల్ని ఇంటికి తోలుకుపోయి ఉంటే బాగుండేది. కానీ ఊరంతా పలకలతో వెంట వచ్చాక బండ లాగకుండా తిరిగిపోతే పరువు తక్కువ. ఆరు పళ్ల బండకే కట్టాడు. మొదటి మలుపు దాకా ఎద్దులు బాగానే లాగాయి. బండను తిప్పి మళ్లీ బయలుదేరేటప్పుడు ఇంటి ఎద్దు కాలు జారి మోకాళ్ల మీద పడింది. కాడి, మోకు, వెనక బండ బరువు అన్నీ దాన్ని ఒక పక్కకు గుంజాయి. లేచి నిలబడింది గానీ ముందుకాలు నేలకు మోపలేదు. జబ్బ తప్పిందన్నారు పెద్దవాళ్లు. రైతు కాడి విప్పి, దాని గంగడోలు నిమురుతూ మెల్లగా పక్కకు నడిపించుకుపోయాడు. నేను కొలతతాడు తీసుకుని ఆ జత లాగినంత దూరం కొలిచి అందరికీ చెప్పాను. కొలవడం నా పని గనుక కొలిచాను. ఇప్పుడు తలచుకుంటే ఆ కొలతకే ఎక్కువ సిగ్గు వేస్తుంది.

ఆ రోజు మాత్రం నాకు సిగ్గు లేదు. పాపం ఎద్దు అనుకున్నాను, పందెమన్నాక తప్పదనుకున్నాను. ఇంటికి వచ్చి కడుపునిండా ఓళిగలు తిన్నాను.

కొన్నాళ్లకు ఆ పల్లె మనిషే ఇంకొకడు కొట్టుకు వచ్చాడు. గజం బద్ద పెట్టి పంచె కొలిచి కత్తిరిస్తూ, మాటవరసకు ఎద్దు ఎట్లా ఉందని అడిగాను.

"యాడ బాగుండాది శెట్టీ. కుంటుతాండాది," అన్నాడు. "ఆ పొద్దు నువ్వు చూసింది కొత్త పన్ను కాదంట. జొన్నచొప్ప పుల్ల గుచ్చుకోని చిగురు వాచిండె. మేత ముట్టలేదని నోరు తెరిచి చూస్తే పుల్ల బయటపడె. పాలపన్ను అట్లనే ఉండాది, గట్టిగా."

నన్ను ఎత్తిపొడవాలని అన్నది కాదు. వానల గురించి చెప్పినట్టే చెప్పాడు. నా చేతిలో కత్తెర వంకర పోయింది. ఆ పంచె గుడ్డ పారేసి ఇంకోటి చించి ఇచ్చాను.

మాట బజారుకెక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. కొట్టుకు వచ్చినవాళ్లు చీర మడత విప్పి, "శెట్టీ, దీనికెన్ని పండ్లు?" అనేవాళ్లు. మొదట్లో కసురుకున్నాను. కసురుకున్నకొద్దీ వాళ్లకు సరదా ఎక్కువైంది. తర్వాత తలవంచుకుని గుడ్డ చించడం నేర్చుకున్నాను. కాఫీ హోటలుకు పోవడం మానేశాను. గుడి వీధి మీదుగా కాకుండా చుట్టు తిరిగి ఇంటికి పోయేవాణ్ణి. మనుషుల్ని తప్పించుకోవడానికి కొంత, స్వామిని తప్పించుకోవడానికి కొంత.

ఒకరోజు అమ్మ చేటలో బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూలబడ్డాను. "నాయన అన్నేండ్లు చేసె, ఒక్కసారన్నా తప్పు రాల్యా. నాకు మొదటి ఏడే ఇట్లాయ," అన్నాను.

అమ్మ రాళ్లు ఏరడం ఆపలేదు. "మీ నాయనకు మాత్రం ఎద్దు పండ్లేం తెలుసురా?" అంది.

నేను బిత్తరపోయాను.

"ఆయప్ప ఎద్దు నోరు తెరిచి పట్టుకుంటాండె, అంతే. చూస్తాండింది చుట్టూ ఉండే రైతుల మొగాలు. అందరూ నిమ్మళంగా ఉంటే ఎద్దుగలాయప్ప చెప్పిందే చెప్తాండె. ఒకడన్నా మొగం అట్ల తిప్పుకుంటే, ఎండ మీద పెట్టో నీళ్ల మీద పెట్టో జాగు చేస్తాండె. ఆలోపల ఎవడో ఒకడు నోరు తెరుస్తాండె."

"నాతో ఒక్క మాట చెప్పింటే ఏం పోయిండె?"

"నువ్వడిగితివా?" అంది అమ్మ.

అడగలేదు. ఎద్దు నోట్లోకి చూస్తే చాలనుకున్నాను. చుట్టూ ఉన్న నోళ్ల సంగతి నాకు తెలియదు. ఆ తర్వాత బాగా ఆలోచించి నాకు నేనే ఒక సమాధానం చెప్పుకున్నాను. రైతుకు నిజం తెలుసు. తెలిసీ కంకణానికి భయపడి నోరు మూసుకున్నాడు. అంటే తప్పు నాదే అయినా, అతని నోరు కట్టేసింది స్వామి. సగం బరువు దేవుడి మీద వేశాక కాస్త తేలికైనట్టు అనిపించింది. ఆ తేలికలోనే కోపం కూడా వచ్చింది. ఉపవాసం ఉండి, నిష్ఠగా కంకణం కట్టుకున్నవాణ్ణి స్వామి ఇట్లా నడివీధిలో నిలబెడతాడా?

అదే కోపంతో గుడికి పోయి, వచ్చే ఏడు కంకణం ఇంకెవరికైనా కట్టుకొమ్మని పూజారితో చెప్పాను. ఆయన దీపంలో నూనె పోస్తూ విన్నాడు.

"కట్టింది నువ్వు తప్పు చేయకుండా ఉండేదానికి అనుకుంటివా?" అన్నాడు. "తప్పు చేసినాంక యాడికీ పారిపోకుండా ఉండేదానికప్పా. ఇంగ పో, కొట్టు చూసుకోపో."

నాకు ఆ మాట నచ్చలేదు. విసవిసా బయటికి వచ్చేశాను. కానీ చుట్టు తిరిగి పోయే ఓపిక కూడా లేక, ఆ రోజు గుడి వీధి మీదుగానే నడిచిపోయాను.

తొలకరి పడ్డాక ఆ పల్లెకు పోయాను. క్షమించమని అడగాలనే పోయాను. రైతు పొలంలో లేడు. ఇంటి ముందర కొట్టం నీడలో కూర్చుని మోకు పేనుతున్నాడు. పక్కనే ఆ ఎద్దు. దాని ముందుకాలు ఎండిపోయినట్టు సన్నబడింది. రైతు లేచి మంచం వాల్చాడు. ఆయన భార్య చెంబుతో మజ్జిగ తెచ్చి, "ఎండన పడి వచ్చినావు, తాగు శెట్టీ," అంది.

తాగాను. విత్తనం పడిందా అని అడిగాను.

"ఒంటెద్దుతో యాడ పడతాదప్పా," అన్నాడు రైతు. "ఇంగొక ఆయప్పకూ ఒకటే ఉండాది. ఆయనదీ నాదీ కూడేసుకున్నాం. ముందు ఆయన చేను అయిపాయ. మా వంతు వచ్చేతలికి పదును ఆరిపాయ. మళ్లా వాన పడల్ల."

మళ్లీ వాన ఎప్పుడు పడుతుందో మా సీమలో ఎవరు చెప్పగలరు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఎండిపోయే చేను ముందు నా క్షమాపణ ఎందుకు పనికొస్తుంది? ఆయనే, "ఎద్దు గాచారం, పోనీలే శెట్టీ," అన్నాడు. ఓదార్చడానికి పోయినవాణ్ణి ఓదార్పు పుచ్చుకుని వచ్చాను. దారి పొడుగునా, చెప్పలేకపోయిన మాటల్ని తుమ్మచెట్లకు చెబుతూ నడిచాను.

ఆ తర్వాత ప్రతి సంతకూ పోవడం మొదలుపెట్టాను. ఎద్దులు అమ్మే చోట నిలబడి, దొరికిన నోరల్లా తెరిచి చూసేవాణ్ణి. "శెట్టి బట్టలు మానుకోని సేద్యం పెట్టినాడు," అని దళారులు నవ్వేవాళ్లు. నవ్వుతూనే నేర్పారు. పాలపన్ను మొదలు సన్నగా ఉంటుంది, ఊడే ముందు వేలితో నొక్కితే కదులుతుంది. కొత్త పన్ను కొస గోటికి గరుకుగా తగులుతుంది. ఒకసారి వేలు మరీ లోపలికి పోయి ఒక ఎద్దు దంతాల మధ్య నలిగింది. గోరు నల్లబడి ఊడిపోయింది. కట్టు కట్టిన వేలితో గుడ్డ కొలుస్తుంటే కొట్టు ముందర కావలసినంత కాలక్షేపం అయింది జనానికి. నాకు ఏడుపు వచ్చినంత పనయ్యేది. అయినా మరుసటి సంతకు మళ్లీ పోయాను.

ఉగాది వచ్చింది. వేరే తీర్పరిని పెట్టాలని కొందరన్నారట గానీ, ఎద్దు లేని ఇల్లు ఇంకేదీ అందుకు ఒప్పుకోలేదు. పూజారి ఈసారీ నా చేతికే కంకణం కట్టాడు. తప్పు రానీయొద్దని మొక్కలేదు. నేను తప్పు చెబితే ఎవరో ఒకరి నోరు తెరిపించు స్వామీ, అని మాత్రం మొక్కాను. మైదానంలోకి అడుగుపెట్టగానే గుంపులోంచి ఎవడో ఎద్దులా అరిచాడు. అందరూ నవ్వారు. నేను కొలతతాడు సర్దుకున్నాను.

నాలుగు పళ్ల పందేనికి ఒక పెద్ద ఆసామి జత వచ్చింది. ఆయన మాటకు చాలా ఊళ్లు తలూపుతాయి. వెంట కర్రలు పట్టుకున్న మనుషులున్నారు. ఒక ఎద్దు నోట్లో మూడో జత చోట ఒకవైపు చిగురు చీలి ఉంది. వేలు పెట్టాను, కొస గరుకుగా తగిలింది. మళ్లీ పెట్టాను. నాన్న చేసినట్టు పెదవి పట్టుకునే చుట్టూ చూశాను. ఆసామికి జడిసి అందరూ నేల చూపులు చూస్తున్నారు. ఆ ముఖాల్లో నాన్న మాత్రం ఏం చదివేవాడో నాకు తెలియదు.

"నాకు ఆరు పండ్లని తోస్తాండాది," అన్నాను. "తప్పయితే చెప్పండి. ఎవరైనా వచ్చి చూడొచ్చు. కంకణం ఉండాదని ఊరుకోవద్దు."

తీర్పరి అట్లా అడగడం అంతకుముందు ఎవరూ వినలేదు. అందరూ ఆసామి వైపు చూశారు. తర్వాత ఒక ముసలి రైతు వచ్చి వేలు పెట్టి, "ఆరే," అన్నాడు. ఇంకొకరు వచ్చారు. చివరికి ఆసామే వచ్చి బొటనవేలితో నొక్కి చూసి, "ఆరే గదప్పా. నేను చూసుకోలేదు," అని నవ్వేశాడు. బరువైన బండకు కట్టించాడు. అక్కడా ఆయన జతే గెలిచింది. పోతూ పోతూ కొత్త తువ్వాలు నా భుజం మీద కప్పాడు. నాన్నను మించినవాణ్ణని జనం అన్నారు. పొద్దున ఎద్దులా అరిచినవాడు కూడా అన్నాడేమో తెలియదు.

పళ్లన్నీ వచ్చేసిన పెద్దెద్దుల పందెం మొదలుపెట్టే ముందు, గొంతు తడుపుకుందామని నీళ్లకుండల దగ్గరికి పోయాను. అక్కడ ఆ పడమటి పల్లె రైతు నిలబడి ఉన్నాడు. ఎద్దులు లేకుండా ఒక్కడే తిరునాళ్లకు వచ్చాడు.

"బాగా చూస్తివి శెట్టీ," అన్నాడు.

పొగడ్త తలకెక్కి ఉన్నానేమో, ఏడాదిగా చెప్పలేనిది నోటికి వచ్చింది. అదీ క్షమాపణలా రాలేదు. "పోయినేడు నువ్వూ ఒక మాట అనింటే బాగుండు గదన్నా. కంకణానికి అంత బయమా?" అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశాడు. "కంకణానికా? సామికి బయపడి కాదప్పా. అది పాలపన్నే అని నాకూ అనిపించె. అయితే నువ్వు అంత గట్టిగా చెప్తివి. సదువుకున్నోడు, పెద్దాయన కొడుకు, తెలీకుండా చెప్తాడా, నాకే సరిగ్గా కనపడలేదేమో అనుకుంటి."

"నీ ఇంట్లో పుట్టిన ఎద్దు గదన్నా."

"అవ్. నా చేతుల్లోనే పుట్టె," అన్నాడు. చెంబులో మిగిలిన నీళ్లు కుండ మొదట్లో పారబోశాడు. "దాన్ని కాదని నీ మాట పట్టుకుంటి. పొద్దున లేస్తే దాని మొగం చూడల్లంటే నాకే సిగ్గయితాంది శెట్టీ."

స్వామి మీద వేసిన సగం బరువు కూడా అప్పుడు తిరిగి నా మీదికే వచ్చింది. అతని నోరు కట్టేసింది దేవుడు కాదు. నా సిగ్గును ఆ మనిషి ఏడాది పొడుగునా తనదనుకుని, ఒక కుంటి ఎద్దు ముందర తల దించుకుని బతికాడు. అది నాదన్నా, నాకిచ్చెయ్యి అని చెప్పాలని నోరు తెరిచాను. మైదానంలోంచి తీర్పరిని పిలుస్తున్నారు. "పో శెట్టీ, నీకోసం ఎద్దులు ఎండలో నిలబడుండాయి," అన్నాడు రైతు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని పోయాను.